మూల నమూనా

ఒంటి పొడవు ఆరు మిల్లీమీటర్లు.
మీసాలు మాత్రం ఒంటికి మూడింతలు.
రెక్కల మీద పొలుసుల్లేవు, నూగు.
సీతాకోకచిలుకకు చుట్టమే గానీ
పెండ్లిపత్రిక పంపడం మర్చిపోయే చుట్టం.
రంగు: బతికున్నప్పుడు పొగాకు కాడ,
ఆల్కహాల్‌లో ఏడు నెలలున్నాక
పాత హాజరుపట్టీ కాగితం.

ఇట్లా మొదలుపెట్టి మూడుసార్లు కొట్టేశాను.
నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీ, జువాలజీ ల్యాబు, ఆదివారం.
ఫ్యాను వేస్తే రెక్కలు లేచిపోతాయని
చెమటలోనే కూర్చున్నాను.
అద్దం కింద పురుగు వెల్లకిలా.

వర్ణించాల్సింది మగదాన్నే.
పొట్ట చివర పట్టుకారు లాంటి రెండు కొమ్ముల్లో ఉంటుంది
జాతికీ జాతికీ తేడా,
తాళంచెవికి పండ్లున్నట్టు.
కోసి, కాస్టిక్ నీళ్లలో కండ కరిగించి,
గ్లిజరిన్ చుక్కలో తేల్చి
పక్కనుంచి ఒక బొమ్మ, పైనుంచి ఒక బొమ్మ.
ఈ వంపు, వంపు చివర ఈ ఒంటి ముల్లు
ఇంతదాకా ఎవరి కాగితంలోనూ లేదు.
వెన్ను జలదరించాల్సిన క్షణం.
నాకు ఆకలైంది.
జొన్నరొట్టె విరిచి పల్లీల పొడి అద్దుకుంటూ
ముల్లు పొడవు మళ్లీ కొలిచాను.

మన్ననూరు దాటి, బండి పోని చోటు దాటి
ఆ వాగు చూపించింది నిమ్మల ఈదమ్మ.
దీపం ముందు తెల్ల దుప్పటి కట్టడానికి
ఒక కొసకు చెట్టు దొరికింది, రెండో కొసకు దొరకలేదు.
ఆమే పట్టుకుని నిలబడింది,
మొహం నిండా రెక్కలు కొట్టుకుంటుంటే
కండ్లు మూసుకుని.

"గీ రాళ్ల సొక్కా పురుగు కోసమా ఇంత దూరం?"
నీళ్లలోకి వంగి ఒక రాయి తిప్పింది.
అడుగున బియ్యపు గింజలంత ఇసుక గొట్టాలు,
గొట్టానికొక పిల్ల.
నోట్లోంచి వచ్చే దారంతో
ఇసుక రేణువు పక్కన రేణువు పెట్టి కుట్టుకున్న చొక్కా.
"మెల్లగ దియ్యి. ఇప్పితే సిగ్గుతోని సస్తది."

చావలేదు.
ఇంట్లో పింగాణీ పళ్లెంలో ఒకదాన్ని వలిచి చూశాను.
కాసేపు అటూ ఇటూ పాకింది, తెల్లగా, మెత్తగా.
పక్కింటోళ్లు స్లాబు కోసం పోయించిన ఇసుక
చిటికెడు చల్లాను.
తెల్లారేసరికి మెడదాకా తొడుక్కుంది.
మిషను ఇసుక, పదును అంచులు.
వాగులో కుట్టుకున్నంత నున్నగా కుదరలేదు.
ఈ సంగతి ఈదమ్మకు చెప్పలేదు.
ఆమె ఉండే కాలనీలో ఇండ్లన్నీ స్లాబులే.

పేరు గడి ఖాళీగా ఉందని ఫోన్ చేశాను.
నీ పేరు పెడతానంటే నవ్వింది,
నవ్వు మధ్యలో ఆపింది.
"వద్దు బిడ్డా. పెంటల ఉన్నప్పుడు
గిట్లనే వచ్చి పేర్లు రాస్కపోయిన్రు.
ఇంటికింతమంది అని, ఏలిముద్రలని.
రాసిన మూడేండ్లకు కింద పడ్డం.
దాన్ని రాస్తే
దాన్నేడికి తోల్తరో."

పేరు లేనిదాన్ని కాపాడమని అర్జీ పెట్టలేం అన్నాను.
అట్నుంచి మేక అరుపు వినబడింది,
ఎవరో నీళ్లు పడుతున్న చప్పుడు.
"నీ ఇష్టం" అంది చివరికి,
ఇష్టం లేనివాళ్లు అనే మాట.

రాళ్ల చొక్కాకే లాటిన్ తోక తగిలించాను.
దొరికిన చోటు దగ్గర అక్షాంశం రాసి
చివరి రెండంకెలు చెరిపేశాను.
రేపు ఎవరైనా అడిగితే
జీపీఎస్ పాతదంటాను.

ఇక సీసాలో వేయాల్సిన చీటీ, వేలిగోరంత.
జిల్లా. వాగు. తేదీ.
పట్టినవారు: అక్కడ నా పేరు రాశాను,
ఆమె వద్దన్నది కదా అనుకుంటూ,
తొందరగా.
సిరా ఆరేదాకా ఊదాను.
దుప్పటి రెండో కొస పట్టుకున్నది ఎవరో
రాసే గడి
ఆ చీటీలో లేదు.